ముందు కొనడం నేర్చుకోండి

మార్కెటింగ్ కమ్యూనికేషన్‌లో పీజీ చేయాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. అనంతపురం వాళ్లు, ధర్మవరం వాళ్లు, గుంతకల్లు వాళ్లు. ఏ కాలేజీలో చేరాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఇంగ్లీషులో మాట్లాడాలంటే భయం ఎట్లా పోతుంది అని అడుగుతారు. నేను చెప్పింది విన్నాక చాలామంది మళ్లీ రారు. ఒక తండ్రి ఫోన్ చేసి, "పిల్లోడు బాగానే ఉండె గదన్నా, వాని మనసు ఎందుకు తిప్పితివి?" అని నిష్ఠూరమాడాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. అయినా నా సలహా మార్చుకోలేదు. ఈ నేల మీద పుట్టి, ఈ చదువు చదివి, ఈ వృత్తిలో బతికి, చేసిన తప్పుల నుంచి తెలుసుకున్న మాటలివి. పాఠ్యప్రణాళికకు ఎదురు పోతాయి, ప్లేస్‌మెంట్ ఆఫీసుకు అసలు నచ్చవు.

మొదటి సెమిస్టర్‌లో అమ్మకం గురించి ఒక్క పేజీ కూడా చదవకండి. కాట్లర్ మార్కెటింగ్ పుస్తకం 1967 నుంచి ఉంది, ఇంకో ఆరు నెలలు ఆగితే ఎక్కడికీ పోదు. ఆ ఆరు నెలలూ కొనేవాళ్ల వెంట నడవండి. వాన పడి పదును కుదిరిన మర్నాడు విత్తనకాయలకు బయల్దేరే రైతు వెంట పోండి. చెనక్కాయ సాగులో విత్తనానికయ్యే ఖర్చు పెద్దది, అందులోనూ అది చాలావరకు అప్పు తెచ్చిన డబ్బు. ఆయన గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుంటాడు. పొర రంగు చూస్తాడు, ఒక గింజ కొరుకుతాడు, ముక్కిన వాసన ఉందేమో చూస్తాడు. అంగడాయన చెప్పేదంతా ఓపిగ్గా విని ఒకే ప్రశ్న వేస్తాడు: "పోయినేడు ఈ కాయ ఎవరేసినారు?" సంచి మీది బొమ్మను, రంగును, ఊరించే మాటను ఆ ప్రశ్న ఒక్కసారిగా పక్కకు నెట్టేస్తుంది. దానికి జవాబు చెప్పలేనివాడికి ప్రకటన రాసే హక్కు లేదని నా నమ్మకం.

ధర్మవరంలో పట్టుచీర కొనే అమ్మను చూసినా ఇదే పాఠం. చీర మడత విప్పుతుంది, కొంగు తిరగేసి వెనకవైపు చూస్తుంది, జరీని గోటితో గీకుతుంది. మగ్గం చీరా మరమగ్గం చీరా అని తేల్చుకునేదాకా ధర మాట ఎత్తదు. మీరు రాయబోయే మాటలన్నిటికీ ఆ గోరే పరీక్ష.

నా కథ కొంచెం చెప్పాలి. చదువు కాగానే ఒక విత్తన కంపెనీలో చేరాను. పేరు ఇక్కడ అక్కర్లేదు. పల్లెల్లో గోడలకు సున్నం కొట్టించి నినాదాలు రాయించడం నా పని. "వాన తప్పినా పంట తప్పదు" అనే వాక్యం నేనే కట్టాను. ప్రాస కుదిరిందని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు, నాకూ పొంగిపోయినట్టుగా ఉండింది. ఆ విత్తనం వట్టి మోసం కాదు, నీటి ఎద్దడికి కొంత ఓర్చుకునేదే. ఆ "కొంత" అనే మాట మాత్రం గోడ మీదికి ఎక్కలేదు. ఆ ఏడు విత్తనం పడ్డాక వానలు బాగానే మొదలై, సరిగ్గా ఊడలు దిగే వేళకు మొగం చాటేశాయి. వేరుశనగకు అన్నిటికన్నా తేమ కావాల్సిన ఘడియ అదే. పూత పూసి, ఊడ నేలలోకి దిగాలి, నేల గట్టిపడితే ఊడ దిగదు. కార్తీకానికి చేన్లలో కట్టె మిగిలింది, కాయ లేదు. వానే లేదు కాబట్టి నా సున్నపు అక్షరాలు కూడా చెక్కుచెదరలేదు.

తర్వాతి ఏడు అదే ఊరికి వేరే పని మీద పోతే ఒకామె గుర్తుపట్టింది. ఆమె తిట్టలేదు. "ఏమప్పా, ఈ గోడ మీద రాయిచ్చింది నువ్వే గదా? ఆ కాయ వాన లేకుండా యాడ కాసిందో చెప్పు, పోయి చూసొస్తాం" అంది. నా దగ్గర ఆ చేను లేదు. రెండేళ్లు పీజీలో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఆమె అడిగింది.

అప్పటి నుంచి ఒక మాట పట్టుకుని ఉన్నాను, మీకూ అదే చెబుతాను. ప్రదర్శన చేను పెట్టాల్సి వస్తే ఊళ్లో అందరికన్నా చెడ్డ చేను ఎంచుకోండి. కంపెనీలు రోడ్డు పక్కన బోరు నీళ్లున్న చేను వెతుక్కుంటాయి. ఫొటో బాగా వస్తుంది, పెద్దసార్లు కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు. ఊరి జనం అది చూసి "వాళ్లకు నీళ్లుండాయి" అనుకుని ఇంటికి పోతారు. గుట్ట వార, గరుసు నేలలో, బోరు ఎండిపోయిన రైతు చేన్లో మీ సరుకు పెట్టండి. అక్కడ పోతే మీకు నిజం తెలుస్తుంది, ఆ సరుకు గురించి గోడ మీద ఏం రాయకూడదో తెలుస్తుంది. అక్కడ నిలబడితే మీరు గోడలు రాయించాల్సిన పనే ఉండదు. మీ మేనేజర్ ఒప్పుకోడు. అయినా అడగండి, కాగితం మీద పెట్టి మరీ అడగండి.

దీనికి పుస్తకంలోనూ ఆధారం ఉంది, చదివేటప్పుడు ఎవరూ ఆగి చూడరు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో రయాన్, గ్రాస్ అనే ఇద్దరు సంకర జాతి మొక్కజొన్న విత్తనం రైతుల్లోకి ఎట్లా పాకిందో చూసి 1943లో అచ్చువేశారు. రెండు పల్లెల్లో 259 మంది రైతులు. విత్తనం సంగతి ఎక్కువమంది చెవిన మొదట వేసింది అమ్మకందారే. వేయాలని ఎక్కువమందిని ఒప్పించింది మాత్రం పక్క చేను రైతు. వినడానికీ, పొలమంతా వేయడానికీ మధ్య ఏళ్లు గడిచాయి. ఈ దారిలోనే 1962లో "డిఫ్యూజన్ ఆఫ్ ఇన్నోవేషన్స్" రాసిన ఎవరెట్ రోజర్స్ కూడా అయోవా రైతుబిడ్డే. ఆయన తండ్రి కొత్త యంత్రాలంటే ఇష్టపడేవాడు కానీ కొత్త విత్తనం మాత్రం ముట్టలేదు. 1936 కరువులో తన మొక్కజొన్న వాడిపోయి, పక్కాయన వేసిన సంకర రకం నిలబడి కనిపించాకే ఆయన మనసు మారింది. మంచి ఏట చూపించినదానికి కాదు, చెడ్డ ఏట నిలబడినదానికి రైతు లొంగుతాడు. అయోవా వాళ్లకు అది ఒక ఏడు వచ్చిన కరువు. మనకు ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వానే మామూలు, అదీ అదునుకు పడుతుందన్న నమ్మకం లేదు. అంటే నమ్మకం ఎట్లా పుడుతుందో చూడటానికి ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఇంకెక్కడుంది?

ఇక్కడి ఉదాహరణే కావాలంటే తిండివనం నుంచి వచ్చిన టీఎంవీ-2 రకాన్ని చూడండి. దశాబ్దాల పాటు దాన్ని మన రైతులు వదల్లేదు. మూర్ఖత్వం అన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దిగుబడి తక్కువైనా దాని గుణం, దోషం వాళ్లకు తెలుసు, దాచుకున్న కాయే మళ్లీ విత్తనమయ్యేది. కదిరి పరిశోధన కేంద్రం నుంచి 2005లో వచ్చిన కదిరి-6 తర్వాత ఊరూరా పాకింది. ఆ పాకడం ఏ చేను నుంచి ఏ చేనుకు, ఎవరి ఇంటి గాదె నుంచి ఎవరి గొర్రుకు చేరిందో ఒక్క ఊళ్లోనైనా పూర్తిగా రాసిన విద్యార్థికి నేను కళ్లు మూసుకుని మొదటి ర్యాంకు ఇస్తాను.

ప్రాజెక్టుకు పోయేటప్పుడు ప్రశ్నల పత్రం ఇంట్లో వదిలేయండి. గైడు వంద మందిని నింపుకురమ్మంటే ముగ్గురి దగ్గరికే పోండి, ఒక్కొక్కరి దగ్గరికి పదిసార్లు పోండి. మార్కులు తగ్గితే తగ్గనివ్వండి. "పూర్తిగా అంగీకరిస్తున్నాను" నుంచి "పూర్తిగా విభేదిస్తున్నాను" దాకా ఐదు గళ్లు ముందు పెడితే మన పల్లె మనిషి మీ మొహం చూసి, మీకు ఏది ఇష్టమో ఊహించి, దాని మీదే వేలు పెడతాడు. అది మర్యాద, సమాచారం కాదు. చీకటి పడ్డాక రచ్చకట్ట మీద కూర్చుంటే వేరే మాటలు వినిపిస్తాయి.

ఇంకొక బడి ఉంది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొదలుపెట్టింది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ పథకానికి సామాజిక తనిఖీ ఉంటుంది, చివరన మండలంలో బహిరంగ విచారణ జరుగుతుంది. క్లాసు ఎగ్గొట్టైనా ఒకసారి పోయి చూడండి. కాగితంలో ఉన్న పని దినాలు, కూలి డబ్బులు మైకులో చదువుతారు. షామియానా కింద నుంచి ఒకరు లేచి "నేను అన్ని దినాలు పోలేదు" అంటారు. రాసిన మాట, ఎవరి గురించి రాశారో వాళ్ల ఎదుటే తేలుతుంది. ప్రకటన రాసే ప్రతివాడూ తను రాసింది అట్లా మైకులో చదివించుకుని, కొన్నవాళ్ల మధ్య నిలబడగలగాలి. ఏ ఎంబీఏ పరీక్షలోనూ ఈ ప్రశ్న రాదు.

భాష సంగతి. డిసర్టేషన్ తెలుగులో రాయండి, అదీ మన యాసను తుడిచేయకుండా రాయండి. విశ్వవిద్యాలయం ఇంగ్లీషే కావాలంటే ఇచ్చేది ఇంగ్లీషులో ఇవ్వండి, కానీ ముందు తెలుగులో రాసుకోండి. పదును, అదును, గరుసు, ఊడ అనే మాటల్లో ఒక్కోదానికి ఇంగ్లీషులో రెండు వాక్యాలు పడతాయి, ఆ రెండు వాక్యాల్లో విషయం సగం జారిపోతుంది. ఊరివాళ్లు చెప్పింది మీరు సరిగా విన్నారా లేదా అన్నది తెలుగు ప్రతి చదివి వినిపిస్తేనే తేలుతుంది. వాళ్లు తప్పు పట్టిన చోటల్లా దిద్దుకోండి.

హైదరాబాద్, బెంగళూరు పోతేనే భవిష్యత్తు అంటారు. పోవద్దని శాశ్వతంగా చెప్పను, ముందే పోవద్దంటాను. అనంతపురంలో చదువు లేక కాదు. తిరుపతి విశ్వవిద్యాలయానికి పీజీ కేంద్రంగా 1968లో మొదలైన చదువు 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా ఎదిగింది, మేనేజ్‌మెంట్ విభాగమూ ఉంది. ఈ చదువుకు దేశంలో పేరు తెచ్చిన బడి అహ్మదాబాద్‌లోని మైకా. 1991లో దాన్ని పెట్టించింది ఎవరో మన పిల్లల్లో చాలామందికి తెలియదు. అప్పటి గుంటూరు జిల్లా వినుకొండలో పుట్టిన ఎ.జి. కృష్ణమూర్తి. 1980లో 35 వేల రూపాయలతో, ఒకే ఒక్క క్లయింటుతో ముద్రా ఏజెన్సీ మొదలుపెట్టిన మనిషి. విమల్ బట్టలను, రస్నాను మధ్యతరగతి ఇళ్లలోకి తెచ్చిన ప్రచారాలు ఆ ఏజెన్సీవే. ముంబయి వీధుల్లో పుట్టిన ఇంగ్లీషు ప్రకటనల రాజ్యంలో ఒక చిన్న ఊరి తెలుగువాడు, ముంబయి బయట కూర్చుని, మామూలు మనుషులకు అర్థమయ్యే మాటతో నిలబడ్డాడు. 2016లో ఆయన పోయినప్పుడు మన పల్లె బడుల్లో ఎవరూ ఆయన పేరు చెప్పుకోలేదు. నాకు ఇప్పటికీ ఆ బాధ ఉంది. మీరు మైకాకు పోవాలంటే పోండి, పోయే ముందు మీ వినుకొండ ఏదో తెలుసుకుని పోండి.

క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో మొదటి రోజు వచ్చే కంపెనీకి దరఖాస్తు పెట్టకండి. విత్తనాలు, పురుగుమందులు, అప్పులు అమ్మే ఉద్యోగమైతే మరీ వద్దు. ఎకరా భూమి కౌలుకు తీసుకుని ఒక ఖరీఫ్ పంట పెట్టండి. మూడున్నర నెలల పని. అప్పు తెచ్చి పెట్టండి, చేతి డబ్బుతో కాదు. చేతి డబ్బుతో చేసిన సేద్యంలో భయం తెలియదు. పంట పోతే మీరు నష్టపోయేది ఒక ఏడు. పంట పోయినవాడి ఇంటి ముందు గోడ మీద మీ నినాదం ఎట్లా కనిపిస్తుందో జీవితాంతం గుర్తుంటుంది. ఇంట్లో ఒప్పుకోరని తెలుసు. చదివించిన తండ్రికి కొడుకు మళ్లీ మడక పట్టడం కన్నా పెద్ద దిగులు ఉండదు. ఆయన పక్కన కూర్చుని నిదానంగా చెప్పండి, ఒక్క పంటకే అని చెప్పండి.

సీటు ఖాయమైనవాళ్లు క్లాసులు మొదలయ్యేదాకా ఆగకండి. తొలకరికి ముందు దినాల్లో విత్తనం కోసం దాచిన కాయలు చాలా ఇళ్లలో ఇప్పటికీ చేత్తోనే ఒలుస్తారు, మిషన్‌కు వేస్తే గింజ పగులుతుందని. బస్సెక్కి ఏదో ఒక ఊరికి పోండి. అరుగు మీద చాట ముందు కూర్చుని వాళ్లతోపాటు కాయలు ఒలవండి, పోయినేడు ఏమైందో అడగండి, ఫోను జేబులోనే ఉంచండి.