తెల్లగా మిగిలిన చోటు నాది

గ్రీటింగ్ కార్డు మీద ముదురు నీలం మధ్య తెల్లటి లత కనిపిస్తే చూసేవాళ్లు నీలాన్నే మెచ్చుకుంటారు. ఆ తెలుపు నాది. నేను మైనాన్ని. తేనెటీగ కడుపు కింద పలుచని రేకులుగా పుట్టి, తెట్టెగా మారి, తేనె పిండుకున్నాక కరిగించి వడగడితే మిగిలినదాన్ని. రంగు వేయడం నా పని కాదు, రంగును రానివ్వకపోవడం నా పని. కాగితం మీద చేసే బాతిక్ అసలు బాతిక్కే కాదనీ, పిల్లల కాలక్షేపమనీ తీసిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. బాతిక్‌ను బాతిక్ చేసేది గుడ్డ కాదు, పగుళ్ల గీతలూ కాదు. పని నడిచే వరస. ఏది తెల్లగా ఉండాలో ముందే తేల్చుకుని అక్కడ నన్ను కాపలా పెట్టడం, ఆపైన లేత రంగు నుంచి ముదురు రంగుకు నడవడం. ఆ వరస తప్పనంతవరకు కింద ఉన్నది కాగితమైనా నేను చేసేది నిజమైన పనే.

ఇందుకు సాక్ష్యం నా పాత కొలువుల్లోనే దొరుకుతుంది. జావాలో ఆడవాళ్లు సన్నని ముక్కున్న చిన్న రాగి గిన్నెతో, దాన్ని చాంటింగ్ అంటారు, నన్ను వేడివేడిగా గుడ్డ మీద గీతలుగా పారిస్తారు. 19వ శతాబ్దంలో రాగి అచ్చులు వచ్చి ఆ పని వేగం పెరిగింది. 2009లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది ఈ ఇండోనేషియా బాతిక్‌నే. అయితే నా కొలువు జావాతో ముగిసిపోలేదు. ఉక్రెయిన్‌లో ఈస్టర్ పండక్కి కోడిగుడ్డు పెంకు మీద నాతో గీతలు గీసి, ఒక్కో రంగులో ముంచుతూ పోతారు. కోరమాండల్ తీరం నుంచి 17, 18 శతాబ్దాల్లో ఐరోపాకు ఓడలెక్కిన అద్దకపు బట్టల్లోనూ నా చెయ్యి ఉంది. నీలిమందు తొట్టిలోంచి తీయగానే గాలి తగిలి మారిపోతుంది, కలంతో తీరిగ్గా పూయడం కష్టం. అందుకే నీలం కావలసిన చోట్లు వదిలి, తక్కిన బట్టంతా నాతో కప్పి తొట్టిలో ముంచేవారు. ఇప్పుడు శ్రీకాళహస్తి కలంకారీలో నీలాన్ని కలంతోనే పూస్తున్నారు, అక్కడ నా అవసరం తీరిపోయింది. ఆ బట్టల పూలల్లో నీలం గీత దాటకుండా నిలిపింది నేనేనని నాకు ఇప్పటికీ గర్వమే. గుడ్డ మీద, గుడ్డు పెంకు మీద చెల్లిన పని కాగితం దగ్గరికి వచ్చేసరికి చెల్లదంటే ఎలా ఒప్పుకోను?

పగుళ్లు లేనిదే బాతిక్ ఏమిటని అడిగేవాళ్లూ ఉన్నారు. నేను విరిగిన చోట రంగు దూరి సన్నని గీతలు పడతాయి, కార్డులు చేసేవాళ్లు ముందు వెతికేది వాటినే. కాగితాన్ని ఉత్తినే నలిపి ఇంకు పులిమితే చాలనుకోవడం అక్కడి నుంచే వచ్చింది. జావాలో సన్నపని చేసే చేతులు ఆ పగుళ్లను లోపంగానే చూశాయి. తేనె మైనం వంగుతుంది, పట్టుకుంటుంది. పెట్రోలియం నుంచి వచ్చే పారఫిన్ పెళుసు, ఇట్టే విరుగుతుంది. పగుళ్లు కావాలంటే పారఫిన్ పాలు పెంచి, చల్లారాక కాగితాన్ని మెల్లగా నలపాలి. వద్దనుకుంటే తేనె మైనం పాలు పెంచాలి. ఎక్కడ విరగాలో, ఎంత విరగాలో చేసేవాళ్లు నిర్ణయించుకున్నప్పుడే పగులుకు అందం.

ఇంకో అభ్యంతరంలో నిజంగా బలముంది. గుడ్డనైతే మరిగే నీళ్లలో వేసి నన్ను పూర్తిగా వదిలించవచ్చు, కాగితాన్ని అలా ఉడకబెట్టలేరు. ఇస్త్రీ పెట్టె వేడికి నన్ను వేరే కాగితంలోకి పీల్పించాలి, అప్పుడు కూడా కొంత నేను పీచులోనే ఉండిపోతాను. ఆ చోటు నూనె మరకలా మెరుస్తుంది, నీళ్ల జిగురు అక్కడ పట్టదు. స్క్రాప్‌బుక్‌లో ఫొటోను సరాసరి నా మీద పెడితే నా జిడ్డు దానికి దిగవచ్చు, మధ్యలో ఆమ్లం లేని కాగితం ఒకటి వేయడం మంచిది. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఇవి కాగితం స్వభావాలు, పనిలో మోసాలు కావు. మెరిసే ఆర్టు పేపరు నన్ను లోపలికి రానివ్వదు. పొడుగు పీచున్న చేతి కాగితం రానిస్తుంది. నేను తగిన వేడిలో ఉంటే కాగితం లోపలికి ఇంకి, తడిసినట్టు కనిపిస్తాను. చల్లబడ్డాక పూస్తే పైనే తెల్లగా పేరుకుంటాను, రంగు నా కిందినుంచి దొంగలా దూరిపోతుంది. వేడి చేసేటప్పుడు నీళ్ల గిన్నెలో పెట్టే కరిగించాలి, సూటిగా మంట మీద పెడితే నిప్పంటుకుంటాను. రంగు పూశాక నా మీద నిలిచిన చుక్కలను తుడిచాకే ఇస్త్రీ చేయాలి. అచ్చులేని కాగితం లోపల, న్యూస్‌పేపరు బయట ఉండాలి, లేకపోతే వార్తల సిరా కార్డుకు ఎక్కుతుంది.

బాతిక్ డిజైను అచ్చేసిన కాగితం అంగట్లో దొరుకుతుండగా ఈ శ్రమంతా ఎందుకంటారు. వంద పెళ్లికార్డులు కావాలంటే అచ్చే సరైన దారి, ఆ మాట నేనూ అంటాను. రబ్బరు స్టాంపు మీద పారదర్శక ఎంబాసింగ్ పౌడర్ చల్లి వేడి చేసి, ఆపైన ఇంకు పూసేవాళ్లతోనూ నాకు తగవు లేదు. ఆ పొడి కరిగి రంగును ఆపుతుంది, గీత నాకంటే పదునుగా నిలుపుతుంది, పని వరసా అదే. కానీ అచ్చు కాగితంలో తెలుపు ఇంకెవరో ఎప్పుడో ఎంచినది. సొంతంగా చేసినదాంట్లో పసుపు వేశాక పసుపును ఎక్కడ కాపాడాలో, ఎరుపు వేశాక ఎరుపును ఎక్కడ కాపాడాలో ఆ మనిషే ఎంచుకోవాలి. ఎంచాక వెనక్కి తిరగడానికి వీల్లేదు. కార్డు అందుకున్న మనిషికి నిజంగా చేరేది ఆ ఎంపికే అని నా నమ్మకం.

నా అసలు బాధ పని అయిపోయాక మొదలవుతుంది. జావాలో గుడ్డను ఉడకబెట్టిన నీళ్ల మీద తేలిన నన్ను తీసి, కొత్త మైనంతో కలిపి మళ్లీ పొయ్యి ఎక్కిస్తారు. ఎన్నిసార్లు కరిగినా నేను మైనాన్నే కనక అక్కడ నన్నెవరూ పారబోయరు. కార్డులు చేసే బల్లల దగ్గర సంగతి వేరు. ఇస్త్రీ కింద నన్ను పీల్చుకున్న కాగితాలను ఉండ చుట్టి చెత్తబుట్టలో వేస్తారు. నేను ఆపిన రంగు మాత్రం కవర్లో పెట్టుకుని పోస్టులో వెళ్తుంది. ఆ ఉండలో ఉన్నది పాత మైనమే తప్ప పాడైన మైనం కాదు. ఆ కాగితాన్ని చదును చేసి, కొత్త కాగితం మీద పరిచి మళ్లీ ఇస్త్రీ చేస్తే నేను అక్కడక్కడా కిందికి దిగుతాను. దాని మీద పల్చటి నీలం పూయండి, నేను దిగిన చోట్ల తెల్లటి మచ్చలు మిగిలి ఇంకో కార్డుకు నేపథ్యం అవుతాయి. ఇంకా మిగిలితే కాగితాలన్నీ ఒక డబ్బాలో దాచిపెట్టండి, వచ్చే పండగ కార్డులకూ పనికొస్తాను.