సైడు దందా సారు

సారు బండి డిక్కీ తెరిస్తే ఆయన బతుకంతా పొరలు పొరలుగా కనబడుతుంది. పైన ఎనిమిదో తరగతి లెక్కల పేపర్లు. వాటి కింద బీమా ఫారాలు. ఇంకా కిందికి పోతే జడ్చర్ల దగ్గరి ఏదో వెంచర్ రంగుల కాగితం, దాని మీద ఈతకొలను బొమ్మ. ఆ జాగాలో ఈతచెట్లు తప్ప ఈతకొలను లేదని ఊళ్లో అందరికీ ఎరుకే. అట్టడుగున నాలుగు సబ్బులు, ఒక ప్రొటీన్ డబ్బా, కొన్ని ఎండిపోయిన సీతాఫలం గింజలు. గింజల కథ తర్వాత చెప్తాను.

మహబూబ్‌నగర్‌లో ఇలాంటి సారు వాడకొకరుంటారు. మా వాడ సారు ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాడు. ఎండాకాలం బడికి సెలవులు, జీతానికీ సెలవులే. ఇంటి ఓనరు మాత్రం సెలవుల్లేని మనిషి. అందుకే సైడు దందా. ఏ దందా అని అడక్కండి, ఏ నెల అని అడగండి.

మొదలైంది కరోనా నాడు. 2020లో బడి మూతపడితే సారు మాస్కు పెట్టుకుని తోపుడు బండి మీద టమాటాలు అమ్మాడు. మాస్కు రోగానికి కాదు, శిష్యులు గుర్తుపట్టకుండా. అయినా ‘కిలో ముప్పై అయితే ముప్పావు కిలో ఎంత?’ అని గిరాకీనే ఎదురు ప్రశ్న అడిగేవాడు కాబట్టి అందరూ గుర్తుపట్టారు. మరుసటేడు ఏప్రిల్‌లో సర్కారు ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. సారు ఆ 2,000ను ముప్పైతో భాగించాడు. రోజుకు 66 పాయింటు ఆరు ఆరు ఆరు... ఆ భాగహారం తెగలేదు, ఆయన దందాలూ తెగలేదు.

ఇందులో కొత్తేముందంటారా? నిజమే. ఆయన తాత పాలమూరు లేబరు. ఎక్కడ డ్యాము కడితే అక్కడ తట్ట మోసి, వాన పడిందని కబురొస్తే ఊరికొచ్చి ఆముదాలు వేసుకునేవాడట. వాన ఎగ్గొడితే మళ్లీ మేస్త్రీ వెంట బస్సెక్కడమే. ‘ఫ్లెక్సిబుల్ టైమింగ్స్’ అనే మాట ఆ ముసలాయన చెవిన పడి ఉండదు. మనవడు మాత్రం రోజుకు పదిసార్లు అంటాడు. “మన టైము మన ఇష్టమన్నా!” అంటాడు, పొద్దున ఐదింటికి ట్యూషన్‌కు ఉరుకుతూ. బీమా మాట రాత్రి బువ్వ తిన్నాకగాని ఎవరూ వినరు. ప్లాటు చూసేవాళ్లు ఐతారం తప్ప రారు. అందరి ఇష్టాలూ పోగా మిగిలిన టైములో సారు తన ఇష్టప్రకారం పండుకుంటాడు.

ఇక సీతాఫలాలు. దసరాకు అటూఇటూ మా దిక్కు వాటి కాలం. మన బాలానగర్ పేరు మీద ఏకంగా ఒక రకమే ఉంది. ఇంత పేరున్న పండును ఇంటి పక్కన పెట్టుకుని సబ్బులమ్ముడేందని సారుకు జ్ఞానోదయమైంది. హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుకు ఐతారం పొద్దున తెచ్చిస్తానని మాటిచ్చి, గురువారమే హైవే పక్కన ఆరు గంపలు బేరమాడాడు. గంపలామె మంచిది, ముందే చెప్పింది: “సారూ, కండ్లు ఇచ్చుకున్న కాయలివి. నీ ఐతారం దాక ఆగయి.” సారు నవ్వి, సగటు తీసి, శనివారం సాయంత్రానికి పండుతాయని తేల్చాడు. శుక్రవారం ఆయన మూడో పీరియడ్‌లో ఉండగా ఆరు గంపలూ కూడబలుక్కుని పండాయి. ఇంటి నుంచి ఫోను. ప్రిన్సిపాల్ సెలవియ్యలేదు. సాయంత్రానికి వాడంతా వాసన. ఆ రాత్రి పిల్లలందరినీ పిలిచి, గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో పోటీ పెట్టాడు. నికర లాభం: గెలిచిన పిల్లగాడు ట్యూషన్‌లో చేరాడు.

గొలుసు స్కీముల సంగతి పొడిగించను. మనిషిని మనిషి కింద చేర్చి పైసలు తిప్పే దందాలను 1978లోనే చట్టం చేసి నిషేధించారని నేనంటే, “అది వేరే అన్నా, మనది ప్రొడక్ట్” అని ప్రొటీన్ డబ్బా చూపించాడు. అప్పటి నుంచి చుట్టాలు ఆయనకు రెండు రకాలు: చేరినవాళ్లు, దాక్కున్నవాళ్లు. నల్లగొండలో ఉన్న బావమరిది బండి చప్పుడు వినగానే బత్తాయి తోటలోకి పోయి, చీకటి పడ్డాక వస్తాడట. పెళ్లిపత్రిక ఇయ్యడానికి పోయినప్పుడు కూడా అట్లనే పోయిండని సారు భార్యకు ఇప్పటికీ కోపం.

వీడియోలకు లైకు కొడితే పైసలనే మోసంలో ఎనిమిది వేలు పోగొట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాడు. అంతా చెప్పుకున్నాక, “మీది నైట్ షిఫ్టా మేడమ్? పార్ట్‌టైమ్ తీసుకుంటరా?” అని అడిగాడట. ఆమెకు బీమా ఉందో లేదో కనుక్కునేలోపు లైను కట్టయింది.

ఆయన్ను చూసి నవ్వేవాళ్లలో నేను మొదటివాణ్ని. ఆయన బిడ్డ ఫీజు ఒక్క టర్ము కూడా ఉద్దెర పడలేదన్నది వేరే సంగతి.

మొన్న మా ఇంటికొచ్చాడు. నేను రాస్తున్నది ఇదే. గభాలున కాగితం బోర్లించాను.

“ఏం రాస్తున్నవన్నా?”

“ఏం లేదు సారూ, పత్రికకు.”

“పైసలిస్తరా?”

“అప్పుడప్పుడు.”

“ఇంట్ల కూసొనే? టైము మన ఇష్టమేనా?” సారు కండ్లు మెరిశాయి.

ఎంతిస్తారో, ఎన్నాళ్లకిస్తారో చెప్పాను. పెదవులు కదుపుతూ గంటకెంత పడుతుందో కట్టుకున్నాడు. మెరుపు ఆరిపోయింది. నా దిక్కు జాలిగా చూసి, బయటికి పోయి, డిక్కీ తెరిచి ఒక ఫారం పట్టుకొచ్చాడు.

“అన్నా, పదో తరగతి పాసైనవ్ గదా? 25 గంటల ట్రైనింగు, ఒక్క పరీక్ష. ఏజెంటువైతవ్. దా, ఇక్కడ సంతకం పెట్టు. పెన్ను నీ చేతులనే ఉండె.”