ట్రైకోకార్డుమీది కందిరీగ ఆత్మకథ

మిర్యాలగూడ రైసుమిల్లులవారికి గిట్టని బియ్యపు చిలుకపురుగు గుడ్డే నాకు పుట్టినిల్లు. దాని గుడ్లను ప్రయోగశాలలో అట్టముక్కకు జిగురుతో అంటించి, వానిలో తమ గుడ్లు పెట్టుటకై మా తల్లులను వానిపై విడిచి, గుడ్లు నల్లబడిన పిమ్మట ఆ అట్టను ట్రైకోకార్డను పేర రైతుల కిత్తురు. ఒక్కొక్క కార్డుమీద మేము ఇంచుమించు 20,000 మంది ఉందుము. కోదాడ దాపున నాగార్జునసాగరు ఎడమకాలువ క్రింది వరిమడిలో అట్టి కార్డునుండి వెలువడి, అరమిల్లీమీటరైనను నిండని దేహముతో, రోమములు వరుసలు తీరిన రెక్కలతో, మొగిపురుగు గుడ్లను వెదకుకొనుచు బయలుదేరితిని.

మొగిపురుగు తల్లి ఆకుకొనన గుడ్లను కుప్పగా పెట్టి పైన గోధుమవన్నె నూగు కప్పును. ఆ నూగు దాటి అడుగు వరుసల గుడ్లను అందుకొనుట నాకు కష్టము. ఈ పనిలో టెలినోమస్ అను మరియొక కందిరీగ నాకంటె నేర్పరి. టెట్రాస్టికస్ అను ఇంకొక కందిరీగ పిల్లపురుగుమాట చెప్పనక్కరలేదు, అది ఒక గుడ్డుతో తనియక ప్రక్క గుడ్లనుగూడ ఆరగించును. నారు కొనలు తుంచి నాటు రైతు మొగిపురుగు గుడ్లతోబాటు మా పిల్లలనుగూడ తుంచివేయుచున్నాడనుట వేరుమాట.

నా నామధేయము ట్రైకోగ్రామా జపానికము. 1904లో ఆష్మీడ్ పండితుడు పెట్టినది. అయినను మా జాతులను విడదీయుట శాస్త్రజ్ఞులకు చిరకాలము చిక్కుసమస్యయే అయ్యెను. ఏలయన మా రంగు పెరిగిన చోటి వేడిమినిబట్టియు, మా పరిమాణము తిన్న గుడ్డునుబట్టియు మారుచుండును. మగవాని జననాంగ నిర్మాణమే నమ్మదగిన గురుతని 1971లో సుధా నాగర్‌కట్టి, హెచ్. నాగరాజ ప్రకటించిన పిమ్మటగాని ఈ చిక్కు వీడలేదు. బ్రదికియున్న మాకే ఇంత పరీక్ష కావలసివచ్చినపుడు, కోట్ల యేండ్లక్రిందట అంతరించిన మా దాయాదులను పోల్చుట యెట్లు?

కోదాడ, హుజూర్‌నగర్ సున్నపురాళ్ళలో వారిని వెదకుట వృథా. ఆ రాళ్ళేర్పడునాటికి భూమిపై కీటకమే లేదు. గుజరాతులో సూరతు జిల్లా వస్తాన్ లిగ్నైటుగనికి పోవలెను. అచటి తృణమణి సాలవృక్ష కుటుంబపు చెట్ల బంక, అనగా జనులు ధూపము వేయు గుగ్గిలమునకు చుట్టము; వయస్సు ఐదుకోట్ల యేండ్లకు పైమాట. 2010లో ప్రకటించిన పరిశోధనలో 150 కిలోల తృణమణినుండి 700కు పైగా కీటకాదులు లభించినవి. వానిలో కందిరీగలును కలవు. ఇట్టి బంకలో చిక్కినవారి రెక్క యీనెలను, మీసపు కణుపులను, పాదపు కణుపులను లెక్కించి కుటుంబ నిర్ణయము చేయుదురు. మా కుటుంబమువారికి పాదమున కణుపులు మూడే. ఆ పాదముమీద ఒక గాలిబుడగ అడ్డుపడినచో వంశమే సందిగ్ధమగును.

అంతకంటె పెద్దలోపము మరియొకటి కలదు. బంకలో కందిరీగ దొరకును గాని అది ఎవరి గుడ్డు తినెనో దొరకదు. నేటి బంధువులనుబట్టి దానిని పరాన్నజీవి యందురు, అది ఊహయే. ఫ్రాన్సులోని కేర్సీ ఫాస్ఫేటుగనులలో 19వ శతాబ్దమున లభించిన ఈగ ప్యూపాలు ఈ కొరత కొంత తీర్చినవి. వడ్లగింజవంటి ఆ రాతిప్యూపాలు ప్రదర్శనశాలల పెట్టెలలో చిరకాలము పడియుండగా, 2018లో థామస్ వాన్ డి కాంప్ బృందము సింక్రోట్రాన్ ఎక్స్‌కిరణములతో, పగులగొట్టకయే, 1,510 ప్యూపాల లోపలిభాగమును చూచి, 55 తావుల పరాన్నజీవుల జాడ కనుగొనెను. జెనోమార్ఫియా రిసరెక్టా మొదలుగా నాలుగు క్రొత్తజాతులు అట్లు వెలుగుచూచినవి. ఇచట తినినవాడును, తినబడినవాడును ఒకే పెంకులో చిక్కిరి. నా దృష్టిలో శిలాజసాక్ష్య మనదగినది ఇదియే.

కావున సూర్యాపేట మొదలు మిర్యాలగూడ వరకు వరిచేలలో తిరుగు విద్యార్థులారా, నల్లబడిన గుడ్లకుప్ప కనబడినచో ఆకుతోసహా గాజుగొట్టములో నుంచి, దూది బిరడా పెట్టి, అది ఏ పురుగు గుడ్డో, ఏ ఊరిదో, ఏ తేదీదో చీటీమీద వ్రాసి అంటింపుడు. మేము వెలువడిన పిమ్మట ఆ ఖాళీ గుడ్లను పారవేయక మాతోబాటే భద్రపరుపుడు.