నిరీక్షణకు నాలుగు క్రెడిట్లు

ఇంటర్ పాసై వచ్చే పిల్లలు డిగ్రీ చదువుకు సిద్ధంగా ఉండటం లేదట. మొదటి వారమే బ్రిడ్జ్ కోర్సు పెట్టి వాళ్లను తయారు చేయాలట. వేదికెక్కిన పెద్దలు సెలవిచ్చిన ఈ మాట మీరూ పేపర్లో చదివే ఉంటారు. కొత్త విద్యార్థులను కాలేజీకి ఎలా అలవాటు చేయాలో చెబుతూ యూజీసీ 2019లోనే ‘దీక్షారంభ్’ అనే మార్గదర్శిని తెచ్చింది. దీక్షకు మార్గదర్శి ఉంది, ఆరంభానికి పెద్దలున్నారు. సిలబస్ ఒక్కటే తక్కువ. ఆ లోటు నేను తీరుస్తాను.

పెద్దలన్నది నిజమే, మన పిల్లలు సిద్ధంగా లేరు. ఎట్లా ఉంటారు? ఇంటర్ రెండేళ్లూ వాళ్లకు నేర్పింది ఉరకడమే. తెల్లారకముందే లేచి ఉరుకు, స్టడీ అవర్‌కు ఉరుకు, పరీక్ష సెంటర్ గేటు మూయకముందే ఉరుకు. ‘నిమిషం ఆలస్యమైనా రానివ్వం’ అన్న మాట వింటూ పెరిగిన పిల్లను తెచ్చి ఒక్కసారిగా ఉన్నత విద్యలో పడేస్తే తట్టుకుంటుందా? అక్కడ ఎవరికీ తొందర ఉండదు. కాబట్టి మొదటి సెమిస్టర్‌లో అందరికీ తప్పనిసరిగా ఒక పేపర్ పెట్టాలి. పేరు: నిరీక్షణ. క్రెడిట్లు: నాలుగు.

ప్రయోగం సిద్దిపేటలోనే మొదలుపెడదాం. 1956 నాటి మన ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి స్వయంప్రతిపత్తి ఉంది, సిలబస్ సొంతంగా రాసుకోవచ్చు. బోధనకూ కొరత రాదు. ఈ ఊరికి రైలు వచ్చింది 2023 అక్టోబర్ 3న. అంతకుముందు రైలు కూతను ఎన్నికల మైకుల్లో మాత్రమే విన్న పెద్దమనుషులు ఊరినిండా ఉన్నారు. వాళ్లను విజిటింగ్ ప్రొఫెసర్లుగా పెట్టుకుందాం. నెట్, సెట్ అడగొద్దు. వాళ్ల అనుభవం ముందు పీహెచ్‌డీలు దిగదుడుపు.

మొదటి యూనిట్ దోస్త్, అంటే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్. దరఖాస్తుకు మొదటి విడతలో రెండు వందలు, తర్వాతి విడతల్లో నాలుగు వందలు. ఆధార్‌కు ముడిపడిన ఫోన్ నంబర్ కావాలి. నంబర్ ఉంటుంది, కానీ ఆ సిమ్ అన్న ఫోన్‌లో ఉంటుంది, అన్న దుబాయిలో ఉంటాడు. ఓటీపీ అక్కడ మోగుతుంది, చెల్లె ఇక్కడ మీసేవ బెంచీ మీద కూర్చుంటుంది. ఇది ప్రాక్టికల్, ఇరవై మార్కులు. ఆ తర్వాత మొదటి విడత, రెండో విడత, మూడో విడత, ప్రత్యేక విడత, స్పాట్. ఏ విడతలో చేరినా సెమిస్టర్ పరీక్ష మాత్రం అందరికీ ఒక్కరోజే.

రెండో యూనిట్ గెస్ట్ లెక్చరర్. క్లాసు ఉంటుంది, పిల్లలుంటారు, పాఠం చెప్పే మనిషికి మాత్రం పై నుంచి ఆర్డర్ రావాలి. ఆర్డర్ వచ్చి ఆయన చేరినాక జీతం రావాలి. పిల్లలు ఆయన కోసం, ఆయన జీతం కోసం ఎదురుచూస్తారు. గురుశిష్యులు ఒకే సబ్జెక్టు చదవడం ఈ కోర్సు ప్రత్యేకత.

మూడో యూనిట్ కేస్ స్టడీ. రాష్ట్రంలోని వైస్‌చాన్స్‌లర్లు 2021 మేలో మూడేళ్ల పదవీకాలానికి వచ్చారు. ఎప్పుడు దిగుతారో వేళ్ల మీద లెక్కపెట్టి ఎవరైనా చెప్పగలరు. కొత్తవాళ్లు వచ్చింది మాత్రం 2024 అక్టోబర్‌లో. నడుమ అయిదు నెలలు ఇన్‌చార్జి ఐఏఎస్‌లే దిక్కు. ‘నిమిషం నిబంధన ఈ సందర్భానికి వర్తించునా? చర్చింపుము.’ పది మార్కులు.

నాలుగో యూనిట్ ప్రాజెక్టు వర్క్: ఫీజు రీయింబర్స్‌మెంట్. దీనికి గడువు లేదు. ముందు టోకెన్ వస్తుంది, పైసలు రావు. 2025 నవంబర్ 3న ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం తలుపులు మూశాయి. హామీ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. ‘హామీ’కి నిర్వచనం రాయమని రెండు మార్కుల ప్రశ్న తప్పక వస్తుంది.

చివరి పరీక్షలో ప్రశ్నపత్రమే ఇవ్వరు. పొద్దుగూకే దాకా ఉలకక పలకక కూర్చున్నవాళ్లు పాస్. ‘ఎప్పుడిస్తరు సార్?’ అని నోరు తెరిచినవాళ్లు ఫెయిల్. ఫలితాలు త్వరలో.

ఈ కోర్సు నిజానికి ఎప్పటినుంచో నడుస్తూనే ఉంది. ఫీజు కట్టేది మిరుదొడ్డిలోనో తొగుటలోనో కూలికి పోయే తల్లి. బిడ్డ డిగ్రీ అయిపోయింది, పీజీ సీటొచ్చింది, టీసీ కావాలి. ‘సర్కారు పైసలియ్యలేదమ్మా, మీరు కట్టి తీస్కపోండ్రి, వచ్చినంక వాపసిస్తం’ అంటుంది కాలేజీ. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకోరాదని యూజీసీ 2018లోనే చెప్పింది. చెబితే ఎవరు విన్నారు? ఆమె మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి కడుతుంది. ఆలస్యం సర్కారుది, మిత్తి కూలి మనిషిది.

2024 ఫిబ్రవరి చివర ఆదిలాబాద్ జిల్లాలో ఒక ఇంటర్ విద్యార్థి పరీక్షకు ఆలస్యంగా వచ్చాడని గేటు దగ్గరే ఆపేశారు. ఆ పిల్లవాడు ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాతే బోర్డు అయిదు నిమిషాల సడలింపు ఇచ్చింది. పల్లె బస్సు రాకపోతే పిల్లవాడేం చేస్తాడని ఆలోచించడానికి ఒక చావు కావాల్సి వచ్చింది. అదే రాష్ట్రంలో పిల్లల ఫీజు ఏళ్ల తరబడి ఆపినవాళ్లను ఏ గేటు దగ్గరా ఎవరూ ఆపలేదు. ఆపకపోగా, వాళ్లకే మైకులిచ్చి పిల్లల లోపాల మీద ప్రసంగాలు చేయిస్తున్నాం.

పిల్లలకు కావాల్సింది బ్రిడ్జ్ కోర్సే అయితే పెట్టండి. ఇంగ్లిష్‌లో పాఠం వింటూ నోట్సు రాసుకోవడం, లైబ్రరీలో పుస్తకం వెతుక్కోవడం నేర్పండి, సంతోషం. కానీ కాలేజీ తెరిచిన రోజుకే క్లాసులో లెక్చరర్ ఉండాలి, ఆ ఏడాది ఫీజు ఆ ఏడాదే జమ కావాలి. నిమిషం ఆలస్యమైతే ఆ ఫైలు మీద సంతకం పెట్టాల్సినవాళ్ల జీతం ఆపండి, మంత్రైనా సరే, కార్యదర్శైనా సరే. వాళ్ల ఇళ్లల్లోనూ చదువుకునే పిల్లలుంటారు. ఆ నెల ఫీజు ఏ మిత్తికి తెచ్చి కడతారో చూద్దాం.