తాళం వాళ్లది, పంక్చరు మనది

ఆడిటర్ల ఆఫీసుల్లో, బండ్ల షోరూముల్లో, వీడియోలు చేసి పొట్టపోసుకునే ఆర్థిక నిపుణుల నోళ్లలో ఈమధ్య ఒకటే మాట నలుగుతోంది. చిన్న వ్యాపారి పనిబండిని లీజుకు తీసుకోవాలా, కొనుక్కోవాలా? అటు నాలుగంకెలు, ఇటు నాలుగంకెలు పరిచి, చివర్లో "మీ అవసరాన్ని బట్టి నిర్ణయించుకోండి" అని చేతులు దులుపుకుంటారు. వాళ్ల ఫీజు మాత్రం మన అవసరాన్ని బట్టి ఉండదు.

అడుగుతున్నది ఎవరినో ముందు చూద్దాం. నల్లగొండ జిల్లాలో బోరు మోటార్ల మెకానిక్ ఒకాయన ఉన్నాడనుకోండి. మండలానికి నలుగురైనా ఉంటారు గనక అనుకోవడానికి పెద్ద కష్టం లేదు. ఆయన సామాను ఇదీ: మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ, పైపు పానాలు, క్లాంపులు, కేబుల్ చుట్ట, వైండింగ్ కాలి మాడు వాసన కొట్టే సబ్‌మెర్సిబుల్ మోటారు, వీటన్నిటి మీదా కూర్చునే ఇద్దరు కుర్రాళ్లు. ఇనుప పైపు పొడవు 20 అడుగులు. టాటా ఏస్ తొట్టి దాదాపు 7 అడుగులు. మిగిలిన పైపు క్యాబిన్ నెత్తి మీదుగా పొడుచుకొచ్చి, మలుపు మలుపుకీ ఎదురొచ్చేవాళ్లకు నమస్కారం పెడుతూ పోతుంది. 2005లో ఈ బండిని దించినప్పుడు టాటా వాళ్లు 750 కిలోలు మొయ్యడానికని చెప్పారు. మనవాళ్లు దాన్ని ఒక అభిప్రాయంగా స్వీకరించారు.

ఇప్పుడీ మనిషికి లీజు ఒప్పందం చదివి వినిపించండి. "వాహనానికి ఎట్టి మార్పులూ చేయరాదు." పైపులు ఆనడానికి క్యాబిన్ మీద కమ్మీ వెల్డింగ్ పెట్టించకపోతే ఆ బండి ఆయనకెందుకు, పెళ్లికి పోవడానికా? "సాధారణ అరుగుదలకు మించిన నష్టానికి పరిహారం చెల్లించవలెను." పత్తిచేనుకూ బోరుకూ మధ్య దారే లేనిచోట తిరిగే బండికి గీత పడకపోతే ఆ రోజు పని దొరకలేదని అర్థం. "నెలకు ఇన్ని కిలోమీటర్లు దాటిన అదనపు రుసుము వర్తించును." వర్తించనీ. నడి ఏప్రిల్లో మోటారు కాలి రైతు ఫోన్ చేస్తే, "ఈ నెల కిలోమీటర్లు అయిపోయినయి మామా, ఒకటో తారీఖు దాంక పొలం ఎండబెట్టుకో" అని చెప్పమంటారా?

లీజు పక్షం బ్రహ్మాస్త్రం పన్ను. "అద్దె మొత్తం ఖర్చు కింద రాసేసుకోవచ్చు సార్!" రాసుకోవడానికి పుస్తకమంటూ ఉండాలిగా. పుస్తకాలు రాయలేని చిన్న వ్యాపారికి ఆదాయపు పన్ను చట్టం ఓ దారి ఇచ్చింది: టర్నోవరులో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన దానిలోనైతే 6 శాతం లాభమని చూపించి రిటర్ను వేసెయ్యొచ్చు. ఆ దారిలో పోయేవాడికి అద్దె, వడ్డీ, తరుగుదల అన్నీ ఆ లెక్కలోనే పోయినట్టు. లీజుకు తీసుకున్నా, కొన్నా, ఎడ్లబండి కట్టినా కట్టే పన్ను ఒక్కటే. ఇక జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద 28 శాతం కాస్తా 18 అయింది, సంతోషం. కొంటే ఆ 18 బండి ధర మీద ఒక్కసారే పడుతుంది, అప్పు మీది వడ్డీకి పడదు. లీజులోనైతే నెలనెలా అద్దె మొత్తం మీద పడుతుంది. ఆ అద్దెలో బండి ధర ఉంటుంది, కంపెనీ పెట్టుబడి మీద వడ్డీ ఉంటుంది, కంపెనీ లాభం ఉంటుంది. అద్దె 18,000 అనుకుంటే, పైన ఇంకో 3,240. జీఎస్టీ నంబరున్న కంపెనీ దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్ కింద రాబట్టుకుంటుంది. సేవల పని చేసుకుంటూ ఏడాదికి 20 లక్షలు దాటని మనిషికి ఆ నంబరే అక్కర్లేదు గనక, ఆయన 3,240 గంగలో కలుస్తుంది. పదుల బండ్లు నడిపే కంపెనీకి కుట్టిన చొక్కా ఇది. మెకానిక్‌కి తొడిగి, "భుజాల దగ్గర కొంచెం వదులు, అంతే" అంటున్నారు.

సరే, కొందాం. ఆత్మగౌరవం కూడా కలిసొస్తుంది.

షోరూములో ఓ మూల ఫైనాన్సు కుర్రాడు కూర్చుని ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ట్యాగు, చేతిలో క్యాలిక్యులేటరు. మనిషి మర్యాదస్తుడే. "తొమ్మిది పర్సెంటే అన్నా! బయట రెండ్రూపాయల మిత్తికి తెచ్చుకుంటే ఇరవై నాలుగు గాదా?" నిజమే కదా అనిపిస్తుంది. తొమ్మిది అంటే నెలకు వందకు ముప్పావలా మిత్తి. ఊళ్లో అడిగితే నవ్వుతారు, అంత చవక.

లెక్క చూద్దాం. ఆరు లక్షల అప్పు, ఐదేళ్లు, తొమ్మిది శాతం. ఏడాదికి 54,000 చొప్పున ఐదేళ్లకు 2,70,000 వడ్డీ. అసలూ వడ్డీ కలిపి 8,70,000. అరవై నెలలకు పంచితే కిస్తీ 14,500. ఎక్కడా కూడిక తప్పు లేదు. కిటుకల్లా ఒకటే: నెలనెలా అసలు తీరుతూ బాకీ కరుగుతున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు ఆరు లక్షల మీదే నడుస్తుంది. చివరి నెలలో మిగిలిన అసలు 10,000. ఆ నెల వడ్డీ లెక్క 4,500. దీన్నే ఫ్లాట్ రేటంటారు. తగ్గే బాకీ మీద లెక్కగడితే ఇది ఏడాదికి 15.7 శాతం దాకా తేలుతుంది. ఊరి భాషలో రూపాయి ముప్పైఒక్క పైసల మిత్తి. ముప్పావలా అని చెప్పి రూపాయి పావలా పైన లాగితే, రచ్చబండ దగ్గర వడ్డీ వ్యాపారిని నిలేస్తారు. ఏసీ గదిలో లాగితే స్వీటు ప్యాకెట్ పెట్టి పంపుతారు.

దీనికి మందు రిజర్వ్ బ్యాంకు వేసింది. 2024 అక్టోబరు నుంచి ఇలాంటి అప్పులకు అసలైన వార్షిక వడ్డీ రేటు, అన్ని చార్జీలూ కలిపి, ఒక్కచోట రాసి, అప్పు తీసుకునేవాడికి తెలిసిన భాషలో చెప్పి తీరాలి. ఆ కాగితం ఉంటుంది. ఫైలులో ఎక్కడో మధ్యలో ఉంటుంది. "ఈడ ఒకటి అన్నా, ఈడ ఒకటి, ఈడ ఫుల్ సైన్" అంటూ కుర్రాడి వేలు పేజీల మీద పరిగెత్తే వేగానికి రిజర్వ్ బ్యాంకు గవర్నరైనా అదేమిటో చదవకుండానే సంతకం పెట్టేస్తాడు. ఆ తర్వాత షూరిటీ సంతకం, ఖాళీ చెక్కులు, అడగని ఇన్సూరెన్సు. ఇంత తతంగమయ్యాక బండితో వచ్చిన రెండు తాళాల్లో ఒకటి కవరులో పడి, చాలాచోట్ల, ఫైనాన్సు ఆఫీసు బీరువాలోకి పోతుంది. దాని అర్థం మెకానిక్‌కి అప్పుడు తట్టదు. బండికి దండ వేసే హడావిడిలో ఉంటాడు.

ఇంతకీ బండి ఎవరిది? ఇక్కడే మన చట్టం అసలు హాస్యం పండించింది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) చూడండి. హైర్ పర్చేజ్ కానీండి, లీజు కానీండి, హైపోథికేషన్ కానీండి, ఒప్పందం ఏదైనా, బండి ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లే యజమాని. అంటే ఆ పైపు ఎవరికైనా తగిలి కేసయితే, ఇన్సూరెన్సు కట్టడం మరిచి ఉంటే, పరిహారం మెకానిక్ నెత్తినే. ఆర్సీలో పేరున్న ఫైనాన్షియర్‌కు సంబంధం లేదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఓ ఫైనాన్సు కంపెనీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. బాగుంది, యజమాని మెకానిక్కే. మరి నాలుగు కిస్తీలు ఆగిపోతే? 2020లో అదే సుప్రీంకోర్టు ఇంకో కేసులో చెప్పింది: హైర్ పర్చేజ్ ఒప్పందంలో బాకీ పూర్తిగా తీరేదాకా ఫైనాన్షియరే యజమాని, కిస్తీ తప్పితే బండి స్వాధీనం చేసుకోవచ్చు. కోర్టును తప్పుపట్టడానికి లేదు. రెండు తీర్పులూ చట్టప్రకారం సబబే. రెండూ కలిపి చదివినవాడికే కళ్లు తిరుగుతాయి. పరిహారం కట్టేటప్పుడు బండి నీది, పట్టుకుపోయేటప్పుడు వాళ్లది. ఈ విషయంలో లీజువాడికీ కొన్నవాడికీ తేడా ఏమన్నా ఉంటే, లీజువాడు బండికి దండ వెయ్యడు.

బలప్రయోగం చెయ్యకూడదు, గూండాలను పంపకూడదు అని కూడా సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. రికవరీ ఏజెంట్లు పొద్దున 8 లోపు, రాత్రి 7 దాటాక ఫోన్ చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. సీజింగ్ వాళ్లు వీటిని అక్షరాలా పాటిస్తారు. ఫోన్ చెయ్యరు. ఇద్దరు కుర్రాళ్లు బైకు మీద వచ్చి, టీకొట్టు దగ్గర ఆగి ఉన్న బండిని ఆ రెండో తాళంతో స్టార్ట్ చేసుకుని, పైపు పానాలతో సహా పట్టుకుపోతారు. గొడవ లేదు, గూండాలు లేరు. బండి రాదు సరే, ఆ పానాలైనా ఇమ్మని బతిమాలడానికి మెకానిక్ యార్డు చుట్టూ తిరిగే రోజులు ఏ ఒప్పందంలోనూ రాసి ఉండవు.

మూడో దారి ఒకటుంది. దాని గురించి ఏ సలహాదారుడూ నోరు విప్పడు, అందులో ఎవరికీ కమీషన్ లేదు గనక. ప్రతి టౌన్లో ట్రాలీల అడ్డా ఉంటుంది. పనున్న రోజు ట్రాలీ మాట్లాడుకుని, కిరాయి రైతు లెక్కలో కలిపి, సాయంత్రం ఇచ్చేసి ఇంటికి పోవచ్చు. టైరు ట్రాలీవాడిది, ఇన్సూరెన్సు వాడిది, పోలీసుకు సమాధానం వాడిది. ఎండాకాలం ట్రాలీ దొరకదు, నిజమే. దొరికినా రేటు పెంచుతాడు, అదీ నిజమే. కానీ అడ్డాకు కట్టే కిరాయి వానాకాలం నెలల్లో కూడా కిస్తీని దాటుతోంటే అప్పుడు బండి సంగతి చూడాలి. అది కూడా చేతిలో ఉన్న డబ్బుకు వచ్చే సెకండ్ హ్యాండ్‌ది, తెలిసిన మెకానిక్ చేత ఇంజను చూపించి, ఆర్సీలో ఫైనాన్షియర్ పేరు (హెచ్‌పీ) కొట్టేశారో లేదో ఆర్టీవో ఆఫీసులో కనుక్కుని. గీతలు ముందే పడి ఉంటాయి, ఒక భయం తగ్గుతుంది. షోరూములో ఈ మాట అన్నానంటే నాకు మంచినీళ్లు కూడా పుట్టవు.

అయినా ఈ దారే మేలని ఎందుకంటున్నానంటే, ఈ వ్యాపారంలో అసలు ఇబ్బంది వడ్డీ కాదు, క్యాలెండరు. బోరు మెకానిక్‌కి ఫిబ్రవరి నుంచి మే దాకా తిండి తినే తీరిక ఉండదు. జూలైలో రెండు మంచి వానలు పడితే ఫోన్ మోగదు. పైగా ఎండాకాలం చేసిన పనికి కూడా సగం మంది రైతులు "వడ్లు అమ్మినంక ఇస్త తమ్మీ" అంటారు. వాళ్లు అబద్ధమాడరు, నిజంగానే వడ్లు అమ్మాక ఇస్తారు. కిస్తీ మాత్రం ఐదో తారీఖు తెల్లారగానే ఖాతాలోకి చెయ్యి పెడుతుంది. డబ్బు లేకపోతే బ్యాంకువాడి బౌన్సు చార్జీ, ఫైనాన్సువాడి బౌన్సు చార్జీ, పైన జరిమానా. ఒకే చెయ్యి జేబులోకి వచ్చి ఖాళీగా పోయినందుకు మూడుసార్లు రుసుము.

ఇదంతా ఫైనాన్సు వాళ్లకు తెలియక కాదు. అదే ఆఫీసులో, అదే బల్ల మీద, అదే కుర్రాడు ట్రాక్టరు లోనుకు కిస్తీ ఆర్నెల్లకోసారి పెడతాడు, పంట చేతికొచ్చే నెల చూసి మరీ. ఆ ట్రాక్టరు రైతు దగ్గర్నుంచి, ఆ పంట డబ్బులోంచే మెకానిక్‌కి రావాలి. అదేమిటి, మాకూ అట్లనే పెట్టరాదా అని అడిగితే కుర్రాడు ఇబ్బందిగా నవ్వి కంప్యూటరులోకి చూశాడట.

"ట్రాక్టరుకైతే ఉందన్నా. మీ బండికి ఆ స్కీము రాదు. టాప్-అప్ లోను చూపిస్తున్నది, చేసియ్యాల్నా?"