తీయడానికి తంటాలు పడే డబ్బు

మా మనవడు అన్నం తింటూ ఎడమచేత్తో వ్యాపారం చేస్తాడు. ముద్దకీ ముద్దకీ మధ్య ఫోను చూస్తాడు. తెర మీద ఎర్రంకెలు కనిపిస్తే ఆ పూట కూర బాగోదు. "ఏం షేర్లు కొన్నావురా?" అంటే "షేర్లు కాదు తాతయ్యా, ఆప్షన్సు" అంటాడు. సరుకు కంటికి కనపడకుండానే సొమ్ము పోయే విద్య మా రోజుల్లో పేకాట ఒక్కటే.

ముసలి చాదస్తం అనుకుంటారేమో. షేర్ల మార్కెట్‌ని అదుపు చేసే సెబీ వాళ్ళే 2024లో లెక్క తీశారు. అప్పటికి మూడు ఆర్థిక సంవత్సరాలుగా ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన మామూలు జనంలో నూటికి 93 మంది నష్టపోయారట. ఆ వార్త చదివి వినిపిస్తే, "మిగతా ఏడుగురిలో నేనుంటాగా!" అన్నాడు.

మా రోజుల్లో జీతం చేతికందితే దారులు మూడే. పోస్టాఫీసులో ఆర్డీ, వీధి చివర చీటీ, ఏమైనా మిగిలితే మా ఆవిడ పోపులడబ్బా. 1988లో కిసాన్ వికాస్ పత్రాలు వచ్చిన కొత్తలో ఐదున్నరేళ్ళకి సొమ్ము రెట్టింపయ్యేది. పత్రాన్ని బీరువాలో పట్టుచీరల మడతల్లో పెట్టి మరిచిపోవడమే మాకు తెలిసిన పెట్టుబడి. ఈమధ్య అదే పత్రానికి 115 నెలలు పడుతోంది. "అప్పుడు ధరలూ అలాగే పెరిగేవి కదా నాన్నా" అని మా అబ్బాయి లెక్క చెబుతాడు. పెరిగేవి, కాదనను. కానీ రాత్రి నిద్ర పట్టేది.

పోస్టాఫీసులో డబ్బు తీయాలంటే మాత్రం నానా తంటాలు. క్యూలో నిలబడాలి, ఫారం నింపాలి, సంతకం పాతదానితో కలవాలి. 'ర' మీద తలకట్టు కాస్త వంకరపోతే గుమాస్తా కళ్ళజోడు పైకెత్తి చూసి మళ్ళీ పెట్టమనేవాడు. ఆ సంతకం కలిసేలోగా స్కూటరు కొందామన్న ఉబలాటం సగం చల్లారేది. మా పొదుపులో సగం మా బుద్ధి కాదు, ఆ క్యూ చలవే.

చీటీపాట ఆదివారం పొద్దున. అందరం చాపల మీద కూర్చునేవాళ్ళం. కూతురి పెళ్ళి పెట్టుకున్నాయన గొంతు సవరించుకుని పాట మొదలెట్టేవాడు. మేం పోటీకి పాడితే ఆయన ఇంకా తగ్గించుకోవాలి, ఆ తగ్గింపు మాకే పంచుతారు. అయినా ఆ మొహం చూసి ఎవరూ నోరు మెదిపేవాళ్ళు కాదు. ఇప్పుడు మా మనవడికి లాభం వస్తే, ఎవరి కొంప మునిగి వచ్చిందో వాడికే తెలీదు.

మా కాలం రామరాజ్యమని అనను. చీటీలవాడు రాత్రికి రాత్రి తట్టాబుట్టా సర్దేసిన కథ ప్రతి ఊళ్ళోనూ ఉంది. సర్కారుదే కదా అని జనం నమ్ముకున్న యూనిట్ ట్రస్టు యూఎస్-64 పథకం 2001 జూలైలో యూనిట్లు వెనక్కి కొనడమే ఆపేసింది. భయం అప్పుడూ ఉంది. కాకపోతే ఎప్పుడో ఓసారి పేపర్లో వచ్చేది, నిమిషానికోసారి జేబులో మోగేది కాదు.

అందుకే మావాడికి ఒక్కటే చెప్పాను. "ఏడాది ఇంటిఖర్చుకి సరిపడా డబ్బు, తీయాలంటే విసుగొచ్చే చోట పడెయ్. తర్వాత నీ ఆటలు నువ్వాడుకో."

"దానికి మంచి యాప్ ఏదైనా ఉందా తాతయ్యా?" అన్నాడు.