దీపం వెలిగినా దిగొద్దు

“లాంతరు కట్టి బావిలోకి దించు. ఆరిపోకుంటే నువ్వూ దిగచ్చు.” పూడిక తీసే పనికి కొత్తగా వచ్చిన పిల్లోడికి పెద్దలు చెప్పే మాట ఇది. పాతకాలపు బావుల్లో ఈ మాట ప్రాణాలు కాపాడింది కూడా. అందుకే దీన్ని కాదనడం కష్టం. కానీ ఇంజను ఆడిన బావిలో దీన్ని నమ్ముకుంటే మనిషి పైకి రాడు.

దీపం చెప్పేది ఒక్కటే, మంట మండడానికి సరిపడా ఆక్సిజన్ ఉందా లేదా అని. ఆకులూ చెత్తా కుళ్లినచోట అడుగున కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ఆక్సిజన్‌ను నెట్టేస్తుంది. మామూలు గాలిలో 21 శాతం దాకా ఉండే ఆక్సిజన్ 16 దరిదాపులకు పడితే వత్తి ఆరుతుంది. పనివాళ్లు దిగే చోట అది 19.5 శాతానికి తగ్గకూడదని అమెరికా కార్మిక భద్రతా నియమాలు చెబుతాయి. ఆ రెండు అంకెల మధ్య దీపం నిక్షేపంగా వెలుగుతుంటుంది, దిగినవాడికి మాత్రం ఆయాసం మొదలవుతుంది.

ఇంజను పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ దగ్గరైతే దీపం పూర్తిగా గుడ్డిది. గాలిలో పదివేల పాళ్లకు 12 పాళ్లు ఉంటే చాలు, అది ప్రాణాపాయమే. అంత కొద్దిపాటికి వత్తి వణకనైనా వణకదు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి ప్రాణవాయువు అందదు.

అసలు ఇంజను బావిలోకి ఎందుకు దిగింది? కరువు వల్లే. పైన పెట్టిన పంపు నీళ్లను పీల్చగలిగేది ఆచరణలో 25 అడుగుల లోతు నుంచే. గాలి ఒత్తిడి అంతకు మించి నీటిని ఎక్కించడం కష్టం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో నీళ్లు అంతకంటే కిందికి జారిపోతే రైతు ఏం చేస్తాడు? బావి లోపల అరుగు చూసుకుని దాని మీదికి ఆయిలింజన్ను దించుతాడు. పైరు ఎండిపోతుంటే చూస్తూ కూర్చోలేని మనిషి చేసిన పని అది, అతణ్ణి నేను తప్పుపట్టలేను. బోర్లు, సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చాక ఆ అవసరం తీరిపోవాలి. కానీ పూడిక తీసేటప్పుడు ఊట నీళ్లు తోడడానికి పెట్రోలు పంపును లోపలికి దించమనే సలహా ఇంకా బతికే ఉంది. పెట్రోలు ఇంజను డీజిలు ఇంజను కంటే ఈ విషవాయువును చాలా ఎక్కువ వదులుతుంది.

“ఇంజను ఆపి, పొగ పోయాక దిగితే ఏం కాదు మామా” అంటారు. పోయింది కంటికి కనిపించే పొగ మాత్రమే. గాలి ఆడని బావిలో మోనాక్సైడ్ గంటల తరబడి నిలిచి ఉంటుంది. బకెట్లతో నీళ్లు కుమ్మరించినా గాలి కొంచెం కదులుతుందే గానీ విషం పోయిందని నమ్మడానికి లేదు. ఇంజనైనా జనరేటరైనా గట్టు మీదే, బావి నోటికి కనీసం 20 అడుగుల దూరంలో, గాలి బావి మీదికి కొట్టని దిక్కున ఉండాలి. లోపలికి దిగాల్సింది కరెంటు మోటారు. అడుగుదాకా గొట్టం వేసి బ్లోయరుతో మంచి గాలి కొడుతూనే ఉండాలి, మనిషి దిగాక కూడా ఆపకూడదు. ముందుగా గ్యాస్ మీటరును తాడుకు కట్టి దించి చూడాలి. మీటరు దొరకలేదంటే ఆ పని ఆ రోజుకు లేనట్టే.

మన ఎండలు ఇంకో పొరపాటుకు దారితీస్తాయి. పూడిక తీసేది ఏప్రిల్, మే నెలల్లో. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం మోనాక్సైడ్ లక్షణాలు. వడదెబ్బకూ అవే. “ఎండ తగిలింది, కాసేపు చల్లగా బావిలోనే కూర్చో” అన్న సలహా కంటే ఘోరమైనది నాకు తెలియదు. ఒకే చోట పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల తిరిగితే అది ఎండ పని కాదనుకుని ముందు అందరినీ బయటికి లాగండి.

“నడుముకు మోకు కట్టుకో, చాలు” అనేది సగం మంచి సలహా. స్పృహ తప్పిన మనిషిని నడుము మోకుతో లాగితే ఒళ్లు మడతపడి గోడకు కొట్టుకుంటుంది. ఛాతీకి, భుజాలకు, తొడలకు పట్టే బెల్టు కావాలి, పైన గిలక కావాలి, గట్టు మీద కదలకుండా ఇద్దరుండాలి. తమ్ముడు పలకడం లేదని అన్న దిగుతాడు, అన్న కోసం బావమరిది దిగుతాడు. ఇలాంటి మూసిన చోట్ల పోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయి దిగినవాళ్లేనని 1986లో అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పింది. దిగకండి. పైనుంచే లాగండి, అగ్నిమాపక దళానికి 101కు ఫోన్ చేయండి.

బావి లేనివాళ్లకూ ఇదే ప్రమాదం వేరే రూపంలో ఉంది. కరెంటు పోయినప్పుడు “షట్టరు జానెడు ఎత్తిపెట్టి” లోపలే జనరేటర్ నడిపే దుకాణాలున్నాయి. జానెడు సందు కాదు, తలుపు బార్లా తీసి ఫ్యాను వేసినా లోపల జనరేటర్ నడపకూడదు. అమెరికాలో క్యాంపింగ్ బండ్లు కొనుక్కుని అద్దె గ్యారేజీల్లో దాచే మనవాళ్లు ఉంటే వాళ్లకూ చెప్పాలి. ఆ బండ్లలో గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ ఉంటుంది, చిన్న మంట అమ్మోనియా ద్రావణాన్ని వేడిచేస్తే లోపల చల్లబడుతుంది. “చిన్న మంటే కదా, వెంటిలేటరుంది కదా” అని మూసిన గ్యారేజీలో దాన్ని వెలిగించి ఉంచొద్దు. ఆ గ్యాస్, అంటే ప్రొపేన్, గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. కారితే నేల మీదే పరుచుకుంటుంది, పైనున్న వెంటిలేటరు దాన్ని పట్టదు. గాలిలో 2 శాతం దాటితే ఆ చిన్న మంటే దాన్ని అంటిస్తుంది. సిలిండరు కట్టేసి, ఫ్రిజ్ ఖాళీచేసి తలుపు ఓరగా వదిలేయాలి. చల్లగా ఉండాల్సిందేదైనా ఉంటే కరెంటు మీద నడపాలి. రాత్రి టిఫిను బండిని సిలిండరుతో సహా షెడ్డులో పెట్టి తాళం వేసేవాళ్లకూ వర్తించేది ఇదే: సిలిండరు బయట, గాలి ఆడేచోట నిలబెట్టండి. వంటగ్యాసు వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి. ఆ వాసన కలిపింది గ్యాసు కారితే తెలియడానికి. మంట వదిలే మోనాక్సైడుకు అలాంటి వాసనేదీ ఉండదు.

చివరిగా, పైకి తెచ్చిన మనిషి విషయం. “నీళ్లు పట్టించండి” అని పదిమంది అరుస్తారు. స్పృహలేనివాడి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కోవిడ్ నాటి ఆక్సీమీటరు వేలికి పెట్టి 98 వచ్చిందని ఊరుకోవడం ఇంకో తప్పు. మోనాక్సైడు పట్టిన హిమోగ్లోబిన్‌ను ఆ పరికరం ఆక్సిజన్‌తో ఉన్నదానిగానే లెక్కేస్తుంది. ఈ విషం సగం దిగడానికి మామూలు గాలిలో నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో నిండు ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నర. 108కు ఫోన్ చేసినప్పుడు “కళ్లు తిరిగి పడిపోయాడు” అనకండి. “లోపల ఇంజను నడిచింది, పొగ పీల్చాడు, ఆక్సిజన్ కావాలి” అని చెప్పండి. ఆసుపత్రిలో డాక్టరుకూ అదే మాట చెప్పి, మోనాక్సైడు చూసే రక్తపరీక్ష చేయమని అడగండి.